నాన్న అరికాలిలో పుండు, నొప్పి లేదంటున్నారు. 17న మాల వేసుకుంటారట, ఏం చేయాలి?

కృష్ణాతీరం | నవంబర్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నకు 63 ఏళ్లు, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి 11 ఏళ్లయింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, నిన్న ఇంటికి వచ్చాను.

ఈ ఉదయం వరండా తుడుస్తుంటే తెల్ల టైల్స్ మీద రూపాయి బిళ్లంత తడి మరకలు కనిపించాయి. పసుపూ ఎరుపూ కలిసిన రంగు. అడుగుకొకటి చొప్పున బాత్రూమ్ దగ్గర మొదలై, పూజ గది మీదుగా నాన్న కుర్చీ దాకా ఉన్నాయి. ఆయనేమో పేపరు చదువుకుంటున్నారు. కాలెత్తి చూపించమంటే "ఏముందమ్మా" అన్నారు. కుడికాలి బొటనవేలి మొదట్లో, అరికాలి కండ మీద ఎప్పటినుంచో ఆనె ఉంది. దాని నడిమధ్యలో శనగగింజ పట్టేంత గుంత. దూదితో ఒత్తి తుడిచాను. కాలు వెనక్కి కూడా లాక్కోలేదు. "నొప్పే లేదు, నీకెందుకు భయం" అని నన్నే ఊరుకోబెట్టారు. నెల క్రితం ఆ ఆనెను షేవింగ్ బ్లేడుతో చెక్కుకున్నారట.

17న మాల వేసుకుంటారు. ఇది తొమ్మిదోసారి. 41 రోజులు చెప్పులు లేకుండా తిరగాలి. మూడు నెలల షుగర్ సగటు పరీక్ష (హెచ్‌బీఏ1సీ) ఆగస్టులో 9.1 వచ్చింది. కళ్లు, కిడ్నీలు ఎప్పుడూ చూపించుకోలేదు. చూపు బాగానే ఉంది, ఒంటేలు బాగానే వస్తోంది అంటారు. అమ్మ "అయ్యప్పే చూసుకుంటాడు" అంటోంది. నాకు రెండే ప్రశ్నలు. నొప్పి లేకపోతే ప్రమాదం లేనట్టేనా? దీక్ష వద్దని ఆయనకు ఎలా చెప్పాలి?

డ్రెస్సింగ్‌రూమ్ | నవంబర్ 9, రాత్రి 10:05

అమ్మా, నేను విజయవాడలో షుగర్ పాదాల క్లినిక్‌లో నర్సుని. 14 ఏళ్లుగా ఇదే పని. మీ మొదటి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నొప్పి లేదు కాబట్టే ప్రమాదం. మామూలు మనిషికి కాల్లో ముల్లు దిగితే రెండో అడుగు వేయలేడు. కుంటుతాడు, కూర్చుంటాడు, ముల్లు తీసుకుంటాడు. ఆ నొప్పే కాలిని కాపాడుతుంది. మీ నాన్నగారికి ఆ కాపలా పోయింది. అందుకే పుండు మీదే రోజంతా నడుస్తున్నారు.

ఈ రాత్రికి చేయాల్సింది చెబుతాను. మరిగించి చల్లార్చిన నీళ్లతో గానీ సెలైన్‌తో గానీ కడిగి, మెత్తగా అద్ది, శుభ్రమైన డ్రెస్సింగ్ గుడ్డ (గాజ్) వేసి వదులుగా కట్టండి. పసుపు, కాఫీపొడి, టూత్‌పేస్టు, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. వేడినీళ్లలో కాలు పెట్టనివ్వొద్దు. బాత్రూమ్‌కి తప్ప ఆ కాలు నేల మీద మోపనివ్వొద్దు. రేపు సోమవారం, పొద్దున్నే షుగర్ పాదాలు చూసే డాక్టరు దగ్గరకు గానీ సర్జన్ దగ్గరకు గానీ తీసుకెళ్లండి. ఈలోగా జ్వరం, చలి, ఎరుపు పైకి పాకడం, వేలు నల్లబడటం, షుగర్ 300 దాటడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగొద్దు. రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

కృష్ణాతీరం | నవంబర్ 9, రాత్రి 10:21

జ్వరం లేదక్కా. ఎరుపు కూడా పెద్దగా లేదు. రెండు పాదాలూ ముట్టుకుని చూస్తే కుడిది కాస్త వేడిగా ఉంది. ఇప్పుడే షుగర్ చూశాను, 268.

డ్రెస్సింగ్‌రూమ్ | నవంబర్ 9, రాత్రి 10:26

చేతి వెనకవైపుతో చూశారా? మంచి పని చేశారు. ఆ వేడి గురించి రేపు డాక్టరుకు తప్పకుండా చెప్పండి. రాత్రి రెండింటికి ఒకసారి లేచి జ్వరం చూడండి.

ఓరుగల్లు_మాస్టారు | నవంబర్ 10, ఉదయం 5:50

అమ్మాయీ, నేను రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి. 22 ఏళ్లుగా షుగర్. నా ఎడమకాలికి ఇప్పుడు మూడే వేళ్లు. మీ నాన్నగారికి నా సంగతి చదివి వినిపించండి, అందుకే రాస్తున్నాను.

అప్పటికి ఏడాదిగా నాకు ఒక విచిత్రం జరుగుతుండేది. నడుస్తూ నడుస్తూ ఉంటే కాలి చెప్పు జారిపోయేది, నాకు తెలిసేది కాదు. ఒకరోజు కూరగాయల మార్కెట్ నుంచి ఇంటికొచ్చి గుమ్మం ముందు చెప్పులు విప్పబోతే ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది ఎక్కడ పోయిందో తెలియదు. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అది నవ్వాల్సిన విషయం కాదని ఎవరూ చెప్పలేదు.

ఆ మే నెలలో గుడికెళ్లి మధ్యాహ్నం పూట 11 ప్రదక్షిణలు చేశాను. బండలు కాలుతున్నాయని మా ఆవిడ రెండోదానికే పక్కకు తప్పుకుంది. నాకేమీ అనిపించలేదు, పైగా భక్తి వల్లే వేడి తెలియడం లేదని పొంగిపోయాను. ఇంటికొచ్చాక అరికాళ్ల నిండా నీటిబొబ్బలు. వాటిలో ఒకటి చితికి చీము పట్టింది. రెండు వేళ్లు తీసేసేదాకా ఆగలేదు.

మీ నాన్నగారి దీక్షను తక్కువ చేయడం లేదు తల్లీ. నేనూ భక్తుణ్ణే. కానీ స్పర్శ పోయిన కాలు తన బాధ తాను చెప్పుకోలేదు. దాని తరఫున మనమే చూడాలి.

పల్లెవైద్యం | నవంబర్ 10, ఉదయం 7:15

అందరూ ఆస్పత్రి ఆస్పత్రి అంటున్నారు. మా మేనమామ షుగర్ బిళ్లలు మొదలుపెట్టిన ఐదేళ్లకు కిడ్నీలు పోయాయి. బిళ్లలే పాడుచేశాయని ఊరంతా అన్నారు. మా తాతల కాలం నుంచి పొడపత్రి ఆకు, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి వాడుతున్నాం. పొడపత్రి నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుకలా ఉంటుంది, తీపే తెలియదు. అంత శక్తి ఉన్న ఆకు. పుండుకు కూడా పసరు వైద్యం ఉంది.

కరీంనగర్_ల్యాబ్ | నవంబర్ 10, ఉదయం 8:02

అన్నా, మీ మేనమామ విషయంలో బాధగా ఉంది. కానీ రోజూ ఈ రిపోర్టులు చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. బిళ్లలు మొదలుపెట్టకముందు ఆయనకు ఎన్నేళ్లుగా షుగర్ ఉందో ఎవరికి తెలుసు? చాలామందిలో షుగర్ బయటపడటానికి ఏళ్ల ముందే లోపల పని మొదలుపెడుతుంది. రక్తంలో ఎక్కువైన చక్కెర కిడ్నీలోని సన్నటి జల్లెడను దెబ్బతీస్తుంది. ముందుగా ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి కారడం మొదలవుతుంది. ఆ దశలో మనిషికి ఏమీ తెలియదు. అందరూ చేయించుకునే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష అప్పటికి నార్మల్‌గానే ఉంటుంది. కిడ్నీ పనిలో దాదాపు సగం పోయాక గానీ అది పెరగదు. అప్పుడు రిపోర్టు చూసి, ఈమధ్యే మొదలుపెట్టిన బిళ్ల మీద నింద వేస్తారు.

అందుకే మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూసే పరీక్ష ఏడాదికోసారి చేయించాలి. 30 లోపు ఉంటే మంచిది. 30 నుంచి 300 వరకు అంటే కిడ్నీ హెచ్చరిస్తోందని అర్థం. ఆ దశలో పట్టుకుంటే బీపీ, షుగర్ అదుపులో పెట్టి, తగిన మందులతో చాలా ఏళ్లు కాపాడుకోవచ్చు. షుగర్‌కు ఎక్కువగా ఇచ్చే మెట్‌ఫార్మిన్ బిళ్ల కిడ్నీలను పాడుచేయదు. కిడ్నీ బాగా తగ్గిపోయినప్పుడు దాన్ని ఆపుతారు. దాన్నే జనం తిప్పి అర్థం చేసుకున్నారు. కిడ్నీకి నిజంగా చెడు చేసేవి మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు. వాటి గురించి ఎవరూ భయపడరు.

చెల్లెమ్మా, మీ నాన్నగారి 9.1 గురించి. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. గత మూడు నెలల్లో దానికి ఎంత చక్కెర అంటిందో ఈ పరీక్ష చెబుతుంది. 9.1 అంటే సగటున రోజంతా 214 దగ్గర ఉన్నట్టు లెక్క. పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం మానేసి వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. పరగడుపు షుగర్ తగ్గుతుందేమో గానీ ఈ లెక్క మారదు. రక్తహీనత ఉంటే మాత్రం ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూపించండి.

డ్రెస్సింగ్‌రూమ్ | నవంబర్ 10, ఉదయం 8:40

పల్లెవైద్యం గారూ, కాకరకాయ కూరగా తినండి, ఎవరూ వద్దనరు. కానీ పుండు మీద పసరు పెట్టుకుని వచ్చిన కాళ్లను కడిగేది నేను. పైన ఎండి, పెచ్చు కట్టి, నయమైనట్టు కనిపిస్తుంది. పెచ్చు తీస్తే లోపల చీము ఎముక దాకా ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఆ గదిలో నిలబడి ఏడుస్తుంటే చూడలేం. దయచేసి పుండు విషయంలో మాత్రం ఈ సలహా ఇవ్వకండి.

నిర్వాహకుడు | నవంబర్ 10, ఉదయం 9:10

ఇక్కడి సలహాలు డాక్టరు పరీక్షకు బదులు కావు. ఎవరూ మందు పేరుతో పాటు మోతాదు రాయొద్దు. చర్చ బాగా సాగుతోంది, కొనసాగించండి.

డాలస్_పద్మ | నవంబర్ 10, ఉదయం 9:34

కృష్ణాతీరం గారూ, మీ నాన్నగారి గురించే కాదు, మీ గురించి కూడా ఆలోచించండి. తండ్రికి షుగర్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. మీకు 30 దాటితే ఏటా పరీక్ష చేయించుకోండి.

నా అనుభవం చెబుతాను. 2014లో బాబు కడుపులో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది. కాన్పు తర్వాత నార్మల్ అయింది. గండం గడిచిందనుకుని ఏడేళ్లు మళ్లీ చూసుకోలేదు. గర్భంలో షుగర్ వచ్చిన ఆడవాళ్లకు తర్వాత షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. కాన్పయిన ఆరు నుంచి పన్నెండు వారాల్లోపు ఒకసారి, ఆ తర్వాత క్రమం తప్పకుండా చూసుకోవాలట. 2021లో చూస్తే మూడు నెలల సగటు 6.3. 6.5 వస్తే షుగర్ అనేస్తారు. గుమ్మం దాకా వచ్చేశానన్నమాట.

నేను లావు కాదు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోలు. ఎత్తుకు తగ్గ బరువుందా అని చెప్పే లెక్క, బీఎంఐ, 23.4. ఇక్కడి పక్కింటివాళ్లకైతే ఇది మంచి బరువు. కానీ మనవాళ్ల ఒళ్లు వేరు. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన ఉన్న ఫొటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొలిచి చూస్తే లండన్ ఆయన ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియా మూలాలున్న అమెరికన్లకు 25 దాకా ఆగకుండా 23 దగ్గరే పరీక్ష చేయమంటోంది. ఇంట్లో అయితే టేపు చాలు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. నాది 86 ఉండేది.

రాత్రి అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర పెంచాను. ప్రతి భోజనం తర్వాత 15 నిమిషాల నడక. ఇప్పుడు నడుము 81, పరీక్ష 5.8. ఇది నా ఒక్కదాని అదృష్టం కాదు. చెన్నైలో గుమ్మం దగ్గరున్న మనలాంటి వాళ్లమీదే చేసిన అధ్యయనంలో, తిండి, నడక మార్చుకున్నవాళ్లలో మూడేళ్లలో షుగర్‌గా మారడం 28 శాతం పైగా తగ్గింది. 2006లో ఫలితాలు వచ్చాయి.

ఓరుగల్లు_మాస్టారు | నవంబర్ 10, ఉదయం 10:05

పద్మ గారూ, మంచి మాట చెప్పారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి షుగర్ ఉంటే, మీరన్న గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు 13 కోట్ల 60 లక్షల మంది. నా ఇద్దరు కొడుకులకూ ఇప్పుడే ఫోన్ చేసి టేపు పట్టుకోమన్నాను.

కృష్ణాతీరం | నవంబర్ 10, సాయంత్రం 6:30

ఇప్పుడే ఇంటికి వచ్చాం. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

డాక్టరు నాన్నను కళ్లు మూసుకోమని, నైలాన్ దారం లాంటి పుల్లతో అరికాలి మీద పది చోట్ల తాకించారు. తగిలినప్పుడు చెప్పమన్నారు. గది నిశ్శబ్దంగా ఉంది. దారం వంగేలా ఆనించడం నేను చూస్తున్నాను, నాన్న ఏమీ అనడం లేదు. కాసేపటికి "డాక్టరుగారూ, ఇంకా మొదలుపెట్టలేదా" అని అడిగారు. అప్పటికే ఏడు చోట్ల అయిపోయింది. కుడికాలికి పదింటిలో మూడు చోట్లే స్పర్శ ఉంది. నాన్న కళ్లు తెరిచి నా వైపు చూశారు. ఆయన ముఖంలో భయం చూడటం నాకదే మొదటిసారి.

ఆనెను చెక్కేసరికి పుండు అసలు సైజు బయటపడింది. పైన శనగగింజంత, కింద రెండు సెంటీమీటర్లు. సన్నటి స్టీలు కడ్డీ పెట్టి లోతు చూశారు. ఎముక తగల్లేదు, ఎక్స్‌రేలో కూడా ఎముక బాగానే ఉందన్నారు. నాడి చూసి రక్తప్రసరణ ఫర్వాలేదన్నారు. యాంటీబయాటిక్ రాశారు, ధనుర్వాతం ఇంజెక్షన్ చేశారు. రెండు రోజులకోసారి డ్రెస్సింగ్. పాదం ముందు భాగం నేలకు ఆనకుండా ఒక ప్రత్యేకమైన చెప్పు ఇచ్చారు. అది లేకుండా ఇంట్లో కూడా అడుగు వేయకూడదట.

ఇంకో మాట. కంటి డాక్టరు చుక్కలు వేసి చూశారు. రెండు కళ్లలోనూ రెటీనా మీద రక్తపు మచ్చలు ఉన్నాయట. కుడికంట్లో కొత్త రక్తనాళాలు పుడుతున్నాయి, లేజర్ చేయాలన్నారు. పొద్దున పేపరు చదివిన మనిషికి! మూత్రం పరీక్ష 180 వచ్చింది.

కరీంనగర్_ల్యాబ్ | నవంబర్ 10, సాయంత్రం 7:05

180 అంటే ఇంకా చేతిలోనే ఉంది చెల్లెమ్మా. మూడు నెలల్లోపు మళ్లీ ఒకటి రెండుసార్లు చేయించి ఖాయం చేసుకోండి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఇది కాస్త ఎక్కువ చూపించవచ్చు. బీపీ ఎంత?

కృష్ణాతీరం | నవంబర్ 10, సాయంత్రం 7:11

150/90. దానికీ బిళ్ల రాశారు.

డ్రెస్సింగ్‌రూమ్ | నవంబర్ 10, రాత్రి 9:00

ఎముక తగల్లేదంటే పెద్ద గండం తప్పింది. మీరు టైల్స్ మీద ఆ మరకలు చూసి ఊరుకోకపోవడం వల్లే.

కన్ను కూడా కాలు లాంటిదే. నడిమధ్య భాగం దెబ్బతినేదాకా చూపు తగ్గదు. పేపరు చదవగలుగుతున్నాం కదా అని ఏళ్లు గడిపేస్తారు. లోపల పుట్టిన ఆ కొత్త నాళాలు బలహీనంగా ఉంటాయి. చిట్లితే ఒక్కరోజులో కంటి ముందు నల్లటి తెర పడుతుంది. లేజర్ చేసేది ఉన్న చూపును కాపాడటానికి. పోయిన చూపును తెచ్చివ్వడం దాని పని కాదు. అందుకే వాయిదా వేయొద్దు.

గుండె గురించి కూడా చెప్పాలి. నరాలు దెబ్బతిన్నవాళ్లకు గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి రాకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమట, కడుపులో తిప్పినట్టు ఉండటం, అంతే. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. నాన్నగారికి అలా ఎప్పుడైనా అనిపిస్తే వెంటనే ఈసీజీ తీయించండి.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు. కాలు ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, ఎర్రబడి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే, పుండు లేకపోయినా చూపించుకోండి. బెణికిందనుకుని మర్దన చేయించుకుంటూ నడుస్తారు. లోపల పాదం ఎముకలు విరిగి, పాదం ఆకారమే మారిపోతుంది. అలాంటివి కూడా మా దగ్గరకు ఆలస్యంగానే వస్తాయి.

సీమపిల్ల | నవంబర్ 11, ఉదయం 7:20

నాకు 9 ఏళ్లప్పుడు టైప్ 1 వచ్చింది, ఇప్పుడు 20. అందరూ "చిన్నప్పుడు స్వీట్లు ఎక్కువ తిన్నావా" అని అడుగుతారు. మా ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను మా రోగనిరోధక వ్యవస్థే చంపేస్తుంది. దానికీ స్వీట్లకూ సంబంధం లేదు. ఇది చెప్పాలనిపించింది.

అంకుల్‌కు ఇన్సులిన్ వేయాలంటే భయపడకండి. ఇన్సులిన్ అంటే ఆఖరి దశ అనుకుంటారు. నేను 11 ఏళ్లుగా దాంతోనే బతుకుతున్నాను. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఎక్కించే ముందు నాలాంటి పిల్లలకు బతికే దారి లేదు. దాన్ని కనిపెట్టినవాళ్లలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు కాబట్టే నవంబర్ 14న డయాబెటిస్ డే జరుపుతారు.

కృష్ణాతీరం | నవంబర్ 11, ఉదయం 8:15

థాంక్యూ తల్లీ. నిన్న డాక్టరు పుండు మానేదాకా ఇన్సులిన్ అన్నారు. నాన్న రాత్రంతా మాట్లాడలేదు. ఇప్పుడే నీ పోస్టు చదివి వినిపించాను. "ఆ పాప రోజుకు ఎన్నిసార్లు పొడుచుకుంటుందో అడుగు" అన్నారు.

సీమపిల్ల | నవంబర్ 11, ఉదయం 8:31

నాలుగుసార్లు. అంకుల్‌కు చెప్పండి, సూది చాలా సన్నగా ఉంటుంది, పొట్ట దగ్గర అసలు తెలియదు.

గురుస్వామి_18 | నవంబర్ 11, రాత్రి 8:50

స్వామి శరణం. 18 సార్లు కొండకు వెళ్లాను, ఇప్పుడు మా ఊళ్లో గురుస్వామిగా మాలలు వేస్తున్నాను. ఈ చర్చ మొత్తం చదివాను. నా మాట కూడా వినండి.

మూడేళ్ల క్రితం మా బృందంలో ఒక స్వామికి షుగర్ ఉంది. నాకు చెప్పలేదు. ఉదయం టిఫిన్ మానేసి, బిళ్ల మాత్రం ఎప్పటిలాగే వేసుకునేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు గానీ భిక్ష ఉండదు కదా. పదకొండింటికి భజనలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చెమటలు పట్టి పక్కకు ఒరిగాడు. అందరూ స్వామి పూనాడన్నారు. ఒక కాలేజీ కుర్రాడు మాత్రం జేబులోంచి గ్లూకోజ్ పొడి తీసి నీళ్లలో కలిపి తాగించాడు. పావుగంటకు మనిషయ్యాడు. ఆ తర్వాత చూస్తే షుగర్ 64 ఉంది. ముందు ఎంత ఉండేదో అయ్యప్పకే తెలియాలి.

అప్పటి నుంచి మాల వేసే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. షుగర్ ఉందా, ఏ మందులు వాడుతున్నావు, డాక్టరుకు దీక్ష సంగతి చెప్పావా అని. చెప్పకపోతే మాల వేయను. షుగర్ ఉన్న స్వాములకు ఉదయం కూడా అల్పాహారం తినమంటాను. కాళ్లకు స్పర్శ తక్కువగా ఉంటే చెప్పులు వేసుకోమంటాను. కొందరు పెద్దలకు నచ్చదు. నేను వాళ్లకు ఒకటే చెబుతాను. స్వామి అడిగింది నియమం, అవయవం కాదు. పుండు ఉన్నవాళ్లకైతే ఈ ఏడాది మాల వేయను. పెద్దపాదం అడవి దారిలో రాళ్లు, వేర్లు, తడి. అక్కడ బాగున్న కాళ్లే పగులుతాయి.

అమ్మా, మీ నాన్నగారు తొమ్మిదోసారి అంటున్నారు. ఆయన గురుస్వామి ఎవరో వెళ్లి కలవండి. కూతురు చెబితే వినకపోవచ్చు గానీ గురువు చెబితే వింటారు.

ఓరుగల్లు_మాస్టారు | నవంబర్ 11, రాత్రి 9:15

స్వామీ, మీకు పాదాభివందనం. ఆ రోజు నాకు ఇలా చెప్పేవాళ్లు ఒక్కరుంటే బాగుండేది.

పల్లెవైద్యం | నవంబర్ 12, ఉదయం 6:40

ల్యాబ్ తమ్ముడు అన్న మూత్రం పరీక్ష నిన్న నేనూ చేయించుకున్నాను. 46 వచ్చింది. బిళ్లల విషయంలో నా అభిప్రాయం అంత తొందరగా మారదు. కానీ పుండుకు పసరు పెట్టమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ 46కి ఏం చేయాలి?

కరీంనగర్_ల్యాబ్ | నవంబర్ 12, ఉదయం 7:30

అన్నా, చేయించుకున్నందుకు చాలా సంతోషం. మళ్లీ ఒకసారి చేయించి, అదే వస్తే ఫిజీషియన్‌ను కలవండి. బీపీ చూపించుకోండి. ఉప్పు, ఆవకాయ తగ్గించండి. బీడీ, సిగరెట్ ఉంటే ఈ రోజే ఆపేయండి. బ్రిటన్‌లో 1977లో మొదలై 20 ఏళ్లు సాగిన ఒక పెద్ద అధ్యయనంలో, మూడు నెలల సగటు ఒక్క శాతం తక్కువ ఉన్నవాళ్లలో కళ్లు, కిడ్నీల వంటి చిన్న నాళాల జబ్బులు 37 శాతం తక్కువగా కనిపించాయి. 9 నుంచి 8కి వచ్చినా లాభమే. ఒకేసారి 6కి రావాలని లేదు. ఎక్కువ భయపడి మొత్తం వదిలేసేవాళ్లను చూశాను, అందుకే చెబుతున్నాను.

కృష్ణాతీరం | నవంబర్ 23, రాత్రి 8:20

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. సెలవు పెట్టి ఇక్కడే ఉన్నాను.

16న నాన్న గురుస్వామి మా ఇంటికి వచ్చారు. నేను ముందే వెళ్లి అంతా చెప్పాను. ఆయన నాన్న ముందు నేల మీద కూర్చుని, కట్టు విప్పమని, పుండును చాలాసేపు చూశారు. "స్వామీ, ఈ ఏడాది మీ మాలను నా దగ్గర పెట్టుకుంటాను, వచ్చే కార్తీకానికి మీ మెడలో వేస్తాను" అన్నారు. నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నారు గానీ ఎదురు చెప్పలేదు. ఆయన బదులు ఇరుముడిలో నెయ్యి కొబ్బరికాయ మా బాబాయి తీసుకెళ్తారు. 20న పడిపూజకు నాన్న కుర్చీలో కూర్చునే పాటలు పాడారు, కాలు స్టూలు మీద పెట్టుకుని.

కుడికంటికి ఒక విడత లేజర్ అయింది. మొన్న డ్రెస్సింగ్‌లో కొలిస్తే పుండు 2 సెంటీమీటర్ల నుంచి 1.4కి వచ్చింది. పరగడుపు షుగర్ 130, 140 మధ్య ఉంటోంది. అమ్మ రోజూ రాత్రి నాన్న రెండో కాలి కింద చేతి అద్దం పెట్టి, టార్చి వేసి వేళ్ల సందులు చూస్తోంది. నిన్న ఎడమ మడమ మీద పగులు కనిపెట్టింది, నాన్నకంటే ముందు. చెమట పట్టకపోవడం వల్ల చర్మం ఎండి అలా పగులుతుందని నర్సు చెప్పారు. వేళ్ల సందుల్లో తప్ప మిగతాచోట వాజిలిన్ రాస్తున్నాం.

నాకు పరీక్షలో 5.9 వచ్చింది. నడుము 84. పద్మ గారూ, మీరు చెప్పినట్టు తిన్నాక నడక మొదలుపెట్టాను.

డ్రెస్సింగ్‌రూమ్ అక్కా, ఒక చిన్న సందేహం. స్నానం చేసేటప్పుడు కట్టు తడవకుండా పాలిథిన్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేస్తున్నాం. బిగుతైనా నాన్నకు తెలియదు కదా, రక్తం ఆగిపోతుందేమోనని భయంగా ఉంది. వేరే దారి ఉందా?

డ్రెస్సింగ్‌రూమ్ | నవంబర్ 23, రాత్రి 9:05

రబ్బరు బ్యాండు వెంటనే తీసేయండి అమ్మా, మీ భయం నిజమే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కాలు బయట ఇంకో స్టూలు మీద పెట్టించి, మగ్గుతో స్నానం చేయించండి. కవరు పైన వదులుగా టేపు అతికిస్తే చాలు. 1.4 అన్నారు, చాలా బాగుంది. ఆ ఎడమ మడమ పగులు ఫొటో ఒకటి తీసి రేపు డ్రెస్సింగ్‌కు వెళ్లినప్పుడు అక్కడి వాళ్లకు చూపించండి.